పాత్రల ఆట జీవనోపాధి కాగలదా? – ఒక పరిశీలన

చదువు ముగించుకొని కళాశాల గడప దాటబోయే విద్యార్థి ముందు పూర్వం మూడు నాలుగు దారులే ఉండేవి. ఉపాధ్యాయ వృత్తి, ప్రభుత్వోద్యోగం, వ్యాపారం, స్థోమత కలవారికి వైద్యమో ఇంజనీరింగో. నేడు దారులు పెరిగాయి. వాటితోపాటు సందేహాలూ పెరిగాయి. ఇటీవల మన విద్యార్థులు కొందరు అడుగుతున్న ప్రశ్న అటువంటిదే. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అని పిలిచే ఆటలను కూర్చి, వ్రాసి, ఆడించి బ్రతకవచ్చునా? ఆ పరిశ్రమను నమ్ముకోవడం వివేకమేనా?

పెద్దలు ఈ మాట విని నవ్వి ఊరుకోవచ్చు. అంతమాత్రాన ప్రశ్న సమసిపోదు. ఒక ఇంటిలో మొట్టమొదట డిగ్రీ చదివిన బిడ్డ, ఉపకారవేతనం మీద చదివిన బిడ్డ ఈ ప్రశ్న వేసినప్పుడు దాని వెనుక ఆ కుటుంబపు ఆశ అంతా ఉంటుంది. కనుక తొందరపడి ప్రోత్సహించడమూ తగదు, తొందరపడి నిరుత్సాహపరచడమూ తగదు. విషయాన్ని మొదటి నుండి పరిశీలించి, లెక్క కట్టి, ఆపై ఒక నిర్ణయానికి రావడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఆట స్వరూపం

ఈ ఆటకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. దీనిని 'పాత్రల ఆట' అని పిలుచుకొందాం. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరిస్తారు. వేషం లేదు, రంగస్థలం లేదు, కంఠస్థం చేసిన సంభాషణలు లేవు. మాటే సర్వస్వం. సూత్రధారి ఒక సన్నివేశాన్ని వర్ణిస్తాడు. "పుష్యమాసం. తెల్లవారుజాము. లంబసింగి ఘాటు రోడ్డు మీద పొగమంచు కమ్ముకొని పది అడుగుల దూరం కూడా కనిపించడం లేదు. మీ ఎడ్లబండి చక్రం విరిగింది. లోయలో ఎవరో పిలుస్తున్న కేక వినిపించింది. ఏమి చేస్తారు?" అని అడుగుతాడు. ఒకడు లోయలోకి దిగుతానంటాడు. మరొకడు బండిలోని ఉప్పు మూటలను విడిచి రానంటాడు. దిగినవాడు క్షేమంగా దిగాడా, జారిపడ్డాడా అన్నది పాచిక నిర్ణయిస్తుంది. ఇరవై ముఖాల పాచిక వేసి పన్నెండు గాని, అంతకు మించి గాని పడితే క్షేమం అని నియమం పెట్టుకుంటే, ఇరవై అవకాశాలలో తొమ్మిది అతనికి అనుకూలం. ఫలితాన్ని బట్టి కథ ముందుకు సాగుతుంది.

ఈ ఆటలో సాధారణంగా గెలుపు ఓటములు లేవు. పందెం లేదు. కథ ముగింపు ఆటగాళ్లకే కాదు, సూత్రధారికి కూడా ముందు తెలియదు. పాచికకు, మాటకు మధ్య ఉన్న నియమాలను గ్రంథంగా వ్రాసి, కథాలోకాన్ని కల్పించి, పటాలు గీసి, అచ్చువేసి అమ్మడమే ఈ పరిశ్రమ.

2. మన వాఙ్మయంలో దీని బంధువులు

ఇది పాశ్చాత్యుల వస్తువు, మనకు అలవడదు అని కొందరంటారు. ఈ అభిప్రాయం సరికాదు. మన ఆడపిల్లలు లక్కపిడతలతో గుజ్జనగూళ్లు వండి, అమ్మగా, అత్తగా, అతిథిగా మాట్లాడే ఆట పాత్రధారణ కాక మరేమిటి? అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుండి అడుగుతుంటే అవధాని అప్పటికప్పుడు సమాధానం కూర్చుతాడు. పాత్రల ఆటలో సూత్రధారికి కావలసిన ధారణ, సమయస్ఫూర్తి ఆ జాతివే. పగటివేషగాడు వీధిలో ఎవరు ఏ మాట అన్నా తన పాత్రను విడువకుండా బదులు చెబుతాడు. బుర్రకథలో కథకునికి ఒక ప్రక్క హాస్యం, ఒక ప్రక్క రాజకీయం చెప్పే వంతలు ఉంటారు. వారు అడ్డు ప్రశ్నలు వేస్తేనే కథ నడుస్తుంది.

బుర్రకథ ప్రస్తావన వచ్చినప్పుడు షేక్ నాజర్‌ను స్మరించక తప్పదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో ఒక నిరుపేద ముస్లిం కుటుంబంలో జన్మించి, పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు గాథను ఊరూరా వినిపించి, 1986లో పద్మశ్రీ పొందిన మహాకళాకారుడాయన. తెలుగు కథ చెప్పడానికి కులమతాలు అడ్డురావు అనడానికి ఆయన జీవితమే తార్కాణం.

ఉర్దూ విద్యార్థులకు దాస్తాన్‌గోయీ పరిచితమే. రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ – అంటే యుద్ధం, సభావినోదం, మాయాలోకం, మారువేషాల చాతుర్యం – అన్న నాలుగు అంగాలతో ఆశువుగా కథ అల్లడం ఆ విద్య. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం ప్రచురించిన అమీర్ హంజా దాస్తాన్ 46 సంపుటాలు. చివరి దాస్తాన్‌గోగా పేరొందిన మీర్ బాఖర్ అలీ 1928లో ఢిల్లీలో కన్నుమూయగా ఆ విద్య అంతరించింది. ఉర్దూ విమర్శకుడు షంసుర్ రహ్మాన్ ఫారూఖీ పాండిత్యం ఆధారంగా 2005లో ఢిల్లీలోనే అది పునరుజ్జీవం పొందింది. డెబ్బై ఏడేళ్లు మూగవోయిన విద్య మళ్లీ పలికింది.

కాబట్టి శక్తి మనకు కొత్త కాదు. కొత్తది దానిని నియమగ్రంథంగా వ్రాసి అమ్మే వ్యాపారం. మన సందేహం శక్తి గురించి కాదు, వ్యాపారం గురించి.

3. పరిశ్రమ పుట్టుక, దాని గతి

1824 ప్రాంతంలో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి సైనికుల శిక్షణకై బల్ల మీద ఆడే యుద్ధక్రీడను కూర్చాడు. ఆ సంతతికి చెందిన యుద్ధక్రీడల నుండే 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే తొలి పాత్రల ఆట వెలువడింది. దాని రచయితలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. గైగాక్స్ అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణవాసి. 1970లో బీమా సంస్థలోని ఉద్యోగం పోగా, బూట్లు బాగుచేస్తూ సంసారం నడిపిన మనిషి. 1973లో బాల్యమిత్రుడు డాన్ కేతో కలిసి ఒక సంస్థను స్థాపించి, మరుసటి యేడు మొదటి ముద్రణగా వేయి ప్రతులు వేశాడు. ప్రతి పెట్టెనూ చేతులతో సర్దవలసి వచ్చింది. ఆ వేయి ప్రతులూ ఏడాది లోపలే చెల్లిపోయాయి.

ఇంతవరకు విన్న విద్యార్థి ఉత్సాహపడతాడు. తరువాతి కథ కూడా వినాలి. డాన్ కే 1975లో హఠాత్తుగా మరణించాడు. ఆర్నెసన్ తనకు రావలసిన రాయల్టీ కోసం 1979లో న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. ఆ వివాదం 1981లో రాజీతో ముగిసింది. ఆయన జీవితపు చివరి దశలో ఫ్లోరిడాలోని ఒక విద్యాసంస్థలో ఆటల రూపకల్పన బోధించే అధ్యాపకుడయ్యాడు. గైగాక్స్ 1985లో తాను స్థాపించిన సంస్థపైనే అధికారాన్ని కోల్పోయాడు. ఆ సంస్థను 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. విజర్డ్స్‌ను 1999లో బొమ్మల వ్యాపార సంస్థ హాస్‌బ్రో కొన్నది. ఆట మాత్రం వర్ధిల్లింది. 2014లో వెలువడిన దాని అయిదవ కూర్పు దేశదేశాలకు ప్రాకింది. కాని 2023 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, హాస్‌బ్రో సుమారు 1,100 మంది ఉద్యోగులను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. ఆ ఆటను కూర్చే విభాగంలోని వారు కూడా అందులో ఉన్నారు.

అదే ఏడాది జనవరిలో మరొక సంఘటన జరిగింది. ఆ ఆట నియమాలపై ఆధారపడి ఇతరులు స్వంతంగా గ్రంథాలు వ్రాసి అమ్ముకొనేందుకు 2000లో ఒక బహిరంగ అనుమతి ఇవ్వబడింది. ఎందరో చిన్న ప్రచురణకర్తలు దానిని నమ్ముకొని బ్రతికారు. 2023లో ఆ అనుమతి షరతులను మార్చబోతున్నారన్న వార్త పొక్కగానే పెద్ద అలజడి చెలరేగింది. సంస్థ వెనుకకు తగ్గి, మూల నియమాలను ఎవరైనా వాడుకొనేలా విడుదల చేసింది. కథ సుఖాంతమే. అయినా ఒకరి అనుమతి మీద నిలిచిన ఇల్లు ఎంత పెళుసో అందరికీ తెలిసివచ్చింది.

ఈ చరిత్ర చెప్పే నీతి ఒక్కటే. పరిశ్రమ లాభాలు గడించినా, ఆ ఆట పుట్టించినవారికి నిలకడైన బ్రతుకు దొరుకుతుందన్న హామీ లేదు. ఆటకున్న ఆయుర్దాయం వేరు, ఆట వ్రాసినవాని ఉద్యోగానికున్న ఆయుర్దాయం వేరు.

4. ఉర్దూ ఆచార్యుని ఉదాహరణ

మన కళాశాలకు విశేషంగా ఆసక్తి కలిగించే ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో 1929లో పుట్టిన ఫిలిప్ బార్కర్ 1951లో పరిశోధకుడుగా భారతదేశానికి వచ్చి, ఇస్లాం స్వీకరించి, ముహమ్మద్ అబ్దుర్రహ్మాన్ బార్కర్ అయ్యాడు. భాషాశాస్త్రవేత్త. అమెరికాలోని క్లామత్ అనే ఆదివాసీ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉండగా సహరచయితలతో కలిసి వ్రాసిన 'ఎ కోర్స్ ఇన్ ఉర్దూ' 1967లో వెలువడింది. పాశ్చాత్య దేశాలలో ఎన్నో తరాల విద్యార్థులు ఆ గ్రంథంతోనే ఉర్దూ నేర్చారు. 1972లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1975లో ఆయన 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' అనే పాత్రల ఆటను ప్రచురించాడు. యూరపు కథల ఛాయ లేని ఒక కల్పిత లోకాన్ని, దానికొక లిపిని, వ్యాకరణంతో కూడిన భాషను ఆయన సృష్టించాడు. దక్షిణాసియా భాషల, నాగరికతల పరిచయం ఆ సృష్టికి బలమిచ్చింది.

ఇందులో గమనించవలసినవి రెండు. ఒకటి, పాండిత్యం ఆటకు ముడిసరుకు కాగలదు. భాష, చరిత్ర, ఆచారవ్యవహారాలు తెలిసినవాడు కూర్చిన లోకానికి లోతు ఉంటుంది. రెండవది, ఇంత చేసిన బార్కర్‌కు జీవనాధారం విశ్వవిద్యాలయపు ఉద్యోగమే. ఆట దానికి తోడు మాత్రమే.

ఆయన గురించి చేదు నిజం కూడా చెప్పాలి. 1991లో మారుపేరుతో వెలువడిన నాజీ భావాల నవల ఒకటి ఆయన వ్రాసినదేనని ఆయన రచనల బాధ్యత వహిస్తున్న సంస్థ 2022లో అంగీకరించింది. విద్వత్తు వేరు, వివేకం వేరు. ఒక లోకాన్ని కల్పించేవాడు ఆ లోకంలో ఎవరిని మనిషిగా చూస్తాడు, ఎవరిని శత్రువుగా చూస్తాడు అన్నది ఆటకు సంబంధించని విషయం కాదు. ఈ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థి ఈ విషయాన్ని మరువరాదు.

5. లెక్క

ఇక ధనం విషయం. ఈ పరిశ్రమలో నెలజీతం పొందేవారు కొద్దిమంది. వారు ఎక్కువగా అమెరికా, యూరపులలోని సంస్థలలో ఉన్నారు. మిగిలిన రచయితలు, చిత్రకారులు, సంపాదకులు, పటాలు గీసేవారు పనిని బట్టి కూలి పొందుతారు. రచయితకు పదానికి కొన్ని సెంట్ల చొప్పున చెల్లించడం అక్కడి ఆనవాయితీ. తెలుగులో గాని, ఉర్దూలో గాని ఈ ఆటలకు జీతమిచ్చి వ్రాయించుకొనే ప్రచురణ పరిశ్రమ ఇంకా ఏర్పడలేదు.

అయితే స్వంతంగా ప్రచురించుకొంటే? ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. ఆట పుస్తకం, పటం, పాచికలు ఉన్న ఒక పెట్టె తయారీకి 200 రూపాయలు అవుతాయనుకొందాం. 500 పెట్టెలకు 1,00,000 రూపాయలు. వెల 500 రూపాయలు పెడితే, దుకాణదారుకు నూటికి నలభై తగ్గింపు పోగా మనకు వచ్చేది 300. అంటే పెట్టెకు మిగిలేది 100 రూపాయలు. అన్నీ అమ్ముడుపోతే 50,000. అందులో చిత్రకారునికి, సంపాదకునికి 20,000 ఇస్తే రచయితకు మిగిలేది 30,000. ఆ ఆటను కూర్చి, పదిమందితో ఆడించి, సవరించి, అచ్చువేసి, అమ్మడానికి రెండేళ్లు పట్టిందనుకొంటే నెలకు 1,250 రూపాయలు. ఇందులో పెట్టుబడికి చెల్లించవలసిన వడ్డీ, రవాణా ఖర్చు, తడిసి పాడైన ప్రతులు కలపలేదు. అన్నీ అమ్ముడుపోతే అన్న మాటను కూడా విద్యార్థి మరొక్కసారి చదువుకోవాలి.

బల్లమీది ఆటలలో ప్రపంచ కీర్తి పొందినవారి సంగతి కూడా చూడవచ్చు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌గా నిలిచింది. అంతటి క్రీడాకారిణికి కూడా ఓ.ఎన్.జి.సి. ఉద్యోగం అండగా ఉన్నది. ఆట ఆకాశానికి ఎత్తవచ్చు. కాలు మోపడానికి నేల వేరే ఉండాలి.

6. హక్కు ఎవరిది?

మన పచ్చీసు ఆటను కొద్ది మార్పులతో 'లూడో' అన్న పేరిట 1896లో ఇంగ్లండులో పేటెంటు చేయించుకొన్నారు. మన వైకుంఠపాళి నిచ్చెనలు పాములుగా అక్కడి అంగళ్లకెక్కింది. ఆడినవారము మనము, అమ్ముకొన్నవారు వేరొకరు. ఈ చరిత్ర పునరావృతం కాకుండా ఉండాలంటే హక్కుల పరిజ్ఞానం అవసరం.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయితే. కాని ఉద్యోగిగా వ్రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. అందులో కాలపరిమితి చెప్పకపోతే అది అయిదేళ్లుగాను, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకుగాను పరిగణింపబడుతుంది. మరొక విషయం. ఆట వెనుక ఉన్న ఆలోచనకు కాపీరైటు లేదు. దానిని మాటలలో, బొమ్మలలో వ్యక్తం చేసిన తీరుకే రక్షణ ఉంది. కనుక సంతకం చేసే ముందు కాగితం చదవాలి. చదివి అర్థం కాకపోతే తెలిసినవారిని అడగాలి.

7. లంబసింగి నుండి చూస్తే

ఇంతవరకు దూరదేశాల మాట చెప్పుకొన్నాము. ఇప్పుడు మన కొండల మాట. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిని స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. చలిరాత్రి ఆరుబయట ఉన్న మనిషి కొర్రులా బిగుసుకుపోతాడన్నది ఆ పేరులోని భావం. శీతాకాలంలో పొగమంచు చూడడానికి వేలాదిగా సందర్శకులు వస్తారు. గుడారాలలో బస చేసి నెగడు చుట్టూ కూర్చుంటారు. కథకు, ఆటకు అంతకన్నా అనువైన సభ ఏమి ఉంటుంది?

వస్తువుకు కూడా కొదవ లేదు. సంతకు పోయిన చింతపండు తరువాత మిగిలే పిక్కను ఒక వైపు అరగదీస్తే పాచిక సిద్ధం. నాలుగు పిక్కలు వేస్తే పదహారు విధాలుగా పడవచ్చు. వాటిలో ఒకటి పడే విధాలు నాలుగు, రెండు పడేవి ఆరు, మూడు పడేవి నాలుగు, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. పిక్క రెండు వైపులా సమంగా పడుతుందనుకొంటే అష్టా పడే అవకాశం పదహారింట ఒకటి మాత్రమే. ఆటలు కూర్చదలచినవాడు మొదట నేర్వవలసిన గణితం ఇదే. దీనికి విదేశీ గ్రంథం అక్కరలేదు. కొండ దిగి నర్సీపట్నం దాటి వెళితే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేతు మీద మలచి, లక్క రంగులు పట్టించే ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగులతో ఆ కళను నిలబెట్టిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ పొందారు. పావులు, పాచికలు చేయగల చేతులు అక్కడ ఉన్నాయి. ఆ చేతులకు పని కల్పించే ఆట మాత్రం ఇంకా మనము కూర్చలేదు.

కథల మాటకు వస్తే, నర్సీపట్నం నుండి లంబసింగి వైపు వేసిన కొండ రోడ్డే ఒక గ్రంథం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ రోడ్డు పనికి గిరిజనులను నిర్బంధించి, కూలి ఎగవేసి, హింసించడం మన్యం తిరుగుబాటుకు ఒక ప్రధాన కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై అల్లూరి దళం దాడి చేసి ఆయుధాలు తీసుకొన్నది. దళంలోని గాం మల్లుదొర కారాగారవాసం అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ వృత్తాంతాన్ని పాఠంగా చదివిన విద్యార్థి తేదీలు గుర్తుంచుకొంటాడు. ఇదే పాత్రల ఆటగా ఆడిన విద్యార్థి రోడ్డు కూలీగా, ముఠాదారుగా, ఠాణాలోని జవానుగా నిలబడి, "ఈ రాత్రి నేనేమి చేయాలి?" అని తనను తాను ప్రశ్నించుకొంటాడు. చరిత్ర అతనికి వేరుగా అర్థమవుతుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొండవారి పండుగలను, దేవతలను, పగలను, దుఃఖాలను మైదానంవారు తమకు తోచినట్లు కథలల్లి అమ్ముకొంటే, లూడో విషయంలో మనకు జరిగినదే మనము వారికి చేసినవారమవుతాము. ఆ కథలు వారితో కలిసి, వారి అనుమతితో, వారికి పేరు, ప్రతిఫలం దక్కేలా కూర్చాలి. అన్నిటికన్నా మేలైనది, చింతపల్లిలో, పాడేరులో చదువుకొంటున్న కొండబిడ్డలే కూర్చడం. ఇతర ప్రాంతాలవారికి ఇది సాధ్యమైనదే. 2022లో విజర్డ్స్ సంస్థ ప్రచురించిన 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్' అన్న సంపుటంలో కోల్‌కతాలో పుట్టిన రచయిత్రి మిమి మొండల్ వంగదేశపు ఛాయలతో ఒక సాహసగాథ వ్రాసింది. వంగదేశపు నదులకు అక్కడ చోటు దొరికినప్పుడు మన తూర్పు కనుమలకు దొరకకపోదు.

ఇన్ని అనుకూలతలున్నా లంబసింగి రద్దీ నవంబరు నుండి జనవరి వరకే. మూడు నెలల నెగడు పన్నెండు నెలల పొయ్యిని వెలిగించదు. కాఫీ, మిరియాల సాగుతోనో, అతిథిగృహంతోనో, ఉద్యోగంతోనో కలిసి నడిస్తేనే ఇది ఆదాయమార్గం అవుతుంది.

8. జూదమన్న శంక

పాచిక అనగానే పెద్దలకు జూదం గుర్తుకు వస్తుంది. ధర్మరాజు రాజ్యాన్ని పోగొట్టుకొన్నది పాచికలతోనే గదా అంటారు. పాత్రల ఆటలో ఒడ్డేది ఏదీ లేదు, గెలుచుకొనేదీ లేదు. అయినా పాచికల విషయమై ధర్మసందేహం ఉన్న ఇంటి పిల్లలు తమ పెద్దలను, విద్వాంసులను సంప్రదించడం ఉచితం. పాచికలు లేకుండానే ఆడే పాత్రల ఆటలు కూడా ఉన్నాయి. 1991లో ఎరిక్ వూజిక్ ప్రచురించిన 'ఆంబర్' అటువంటిది. పాచిక ఈ ఆటకు అలంకారమే గాని ప్రాణం కాదు. ప్రాణం మాట.

9. నిర్ణయం

ఇక ప్రశ్నకు సమాధానం. ఈ పరిశ్రమలో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో చదువు మానడం, చేతిలోని ఉద్యోగాన్ని విడవడం, భూమి తాకట్టు పెట్టడం వివేకం కాదు. కాని ఆట కూర్చే విద్యను అభ్యసించడం వివేకమే. ఆ అభ్యాసంలో భాష పదును తేలుతుంది, సంభావ్యతా గణితం వంటబడుతుంది, నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించే నేర్పు అలవడుతుంది. ఈ మూడూ ఉపాధ్యాయునికి, అనువాదకునికి, సినిమా రచయితకు, పర్యాటక రంగంలో పనిచేసేవారికి ధనం వంటివి. ఆట అచ్చు కాకపోయినా అభ్యాసం వ్యర్థం కాదు. నా అభిప్రాయాన్ని క్లుప్తంగా చెప్పాలంటే, అన్నం వేరొక వృత్తిలో సంపాదించుకొని, హక్కును చేతిలో ఉంచుకొని, ఆటను మన భాషలో నిర్మించాలి. తెలుగులో ఆ పరిశ్రమ లేదు గనుక ఎవరో ఒకరు మొదలుపెట్టవలసినదే. మొదలుపెట్టేవాడు ఆకలితో మొదలుపెట్టకూడదు.

అభిలాష కల విద్యార్థులు ఈ క్రమాన్ని పాటించవచ్చు. మొదట ఒక ఏడాది ఆడాలి, ఆడించాలి. తరువాత పదహారు పుటలకు మించని చిన్న ఆటను వ్రాయాలి. దానిని తనకు తెలియనివారి చేతికిచ్చి, తాను ప్రక్కన మౌనంగా కూర్చొని వారు ఎక్కడ తడబడుతున్నారో చూడాలి. సవరించిన ప్రతిని ఏభై కాపీలు మాత్రమే తీయించాలి. అవి అమ్ముడుపోయిన పిమ్మటనే రెండవ ఏభై. అప్పు చేయరాదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక విన్నపం. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. వారానికి ఒక సాయంత్రం ఒక గది, ఒక బీరువా, ఏటా ఒక చిన్న పుస్తకం అచ్చుకు సాయం చాలు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుతున్నా, ఒకరి కథలు ఒకరికి తెలియవు. దాస్తాన్ తెలిసినవాడు, బుర్రకథ తెలిసినవాడు ఒకే బల్ల చుట్టూ కూర్చొని ఒకే కథను ముందుకు నడిపితే, ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, విద్య నెరవేరినట్లే.

అభ్యాసానికి ప్రశ్నలు

1. అష్టావధానానికి, పాత్రల ఆటకు గల పోలికలను, భేదాలను వివరించండి.

2. పై ఊహాలెక్కలో దుకాణదారు లేకుండా రచయితే స్వయంగా 500 పెట్టెలు అమ్మితే నెలసరి ఆదాయం ఎంత అవుతుందో గణించండి. ఆ అమ్మకానికి పట్టే శ్రమను కూడా లెక్కలోకి తీసుకొని మీ అభిప్రాయం తెలపండి.

3. మీ ఊరిలోని ఒక వృత్తాంతాన్ని ఆటగా మలచదలచినప్పుడు ఎవరెవరి అనుమతి కోరుతారు? ఎందుకు?